పదికి పది ఓపిక

2022 వేసవి. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మూడో అంతస్తులో దుప్పట్లు పెట్టుకునే గదిని ఖాళీ చేసి, మాకు రీసెర్చ్ గదిగా ఇచ్చారు. నాలుగు కుర్చీలు, ఒక మంచం, తొక్కే సైకిలు, తాళం వేసే బీరువా. పద్దెనిమిదేళ్ళు వార్డుల్లో స్టాఫ్ నర్సుగా చేసి నేను అక్కడ స్టడీ కోఆర్డినేటర్‌గా చేరాను. పరిశోధనలో పాల్గొనేవాళ్ళకు వివరాలు చెప్పి, సంతకం తీసుకుని, ప్రశ్నలు అడిగి, వాళ్ళ జవాబు ఉన్నది ఉన్నట్టు రాయడం నా పని. అంతకు ముందు ఏడాది కరోనాలో మా ఆయన పోయారు. మళ్ళీ వార్డులోకి అడుగు పెట్టలేకపోయాను. ఈ గదిలో చప్పుడు ఉండదని ఒప్పుకున్నాను.

మా స్టడీ క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ మీద. పేరు వింటే అలసటే కదా అనిపిస్తుంది. మామూలు అలసట పడుకుంటే పోతుంది, ఇది పోదు. కాస్త పని చేసిన రోజు మనిషి బాగానే కనిపిస్తాడు. మర్నాడు మంచం దిగలేడు. రక్తపరీక్షలూ స్కానింగులూ మామూలుగానే వస్తాయి. అందుకని ఇంట్లోవాళ్ళు నమ్మరు. చాలాసార్లు వైద్యులూ నమ్మరు.

ఒకరోజు ఈ స్టడీ కోసం వచ్చినాయన్ని మస్తాన్ గారు అందాం. నలభై దాటిన మనిషి. ఆటోనగర్‌లో అన్నదమ్ములిద్దరికీ కలిపి ఇనప ముక్కల్ని తిప్పి చెక్కే లేత్ షాపు ఉంది. మూడేళ్ళ క్రితం వచ్చిన విషజ్వరం తగ్గింది గానీ ఒంట్లో సత్తువ తిరిగి రాలేదు. వెంట వచ్చిన అన్నగారు ఖాదర్ కూర్చోకముందే మొదలుపెట్టారు.

“మావాడి జబ్బు ఒకటే సిస్టర్. ఆదివారం. వారంలో ఏడు రోజులూ ఆదివారమే.”

“శుక్రవారం నమాజుకి వెళ్తన్నా కదా భయ్యా,” అన్నారు మస్తాన్ గారు నవ్వుతూ. “ఆ ఒక్కరోజు తీసెయ్.”

“వెళ్ళొచ్చి శనివారమంతా పడుకుంటన్నావు. అది కూడా చెప్పు.”

ఆ మాట నేను రాసుకోవలసింది. రాసుకోలేదు.

ఖాదర్ గారు చెడ్డవారు కారు. మూడేళ్ళుగా ఇద్దరి పనీ ఒక్కరే చేస్తున్నారు. తిరగని ఆసుపత్రి లేదు. ఇక్కడ కూడా ఏమీ లేదంటే తమ్ముడు సోమవారం నుంచి లేత్ మీద నిలబడాలని తేల్చి చెప్పారు. తిరిగే లేత్ ముందు కాళ్ళు వణికే మనిషి నిలబడితే ఏమవుతుందో నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ వణుకు అబద్ధం అనుకున్నవాడికి భయం ఉండదు.

మస్తాన్ గారు సమ్మతి పత్రం మధ్యమధ్య కళ్ళు మూసుకుంటూ మొత్తం చదివారు. ఒకచోట ఆగారు.

“నాకు నేరుగా ఏ లాభమూ ఉండకపోవచ్చు అని రాశారే?”

“అవునండీ. ఇది వైద్యం కాదు, పరిశోధన.”

“ఇంత నిజం రాసిన కాయితం నేను ఆసుపత్రిలో చూళ్ళేదు సిస్టర్,” అని సంతకం పెట్టారు.

తరవాత ప్రశ్నలు. మొదటిది: గత నెల రోజుల్లో మీకు ఎంత ఓపిక ఉంది? సున్నా అంటే అసలు లేదని, పది అంటే పూర్తిగా ఉందని. అయిదు దాటితే స్టడీలోకి తీసుకోకూడదు. దాన్ని స్క్రీన్ ఫెయిల్ అంటారు, అంటే వడపోతలో పోయినట్టు.

మస్తాన్ గారు ఒక్క క్షణం ఆలోచించి, “పది వేసుకోండి,” అన్నారు.

నేను పది వేశాను. అడిగింది అడగాలి, చెప్పింది రాయాలి. మధ్యలో సొంత మాట కలపకూడదు.

“చూశారా?” అన్నారు ఖాదర్ గారు. “పదికి పది. నేను చెప్తే నమ్మరు. సోమవారం పొద్దున్నే వచ్చెయ్‌రా.”

జవాబు ఏదైనా ఆ పూట చేయవలసిన పరీక్ష ఇంకొకటి ఉంది. చేతి పట్టును కొలిచే పరికరం, డైనమోమీటర్. మస్తాన్ గారు దాన్ని పదిసార్లు గట్టిగా నొక్కాలి. మొదటిసారి ముల్లు బాగానే లేచింది. నాలుగోసారికి దిగడం మొదలైంది. ఎనిమిదోసారికి ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ముల్లు కదిలీ కదలనట్టు ఉంది. లేత్ పనివాడి చెయ్యి అది.

పరీక్ష అయ్యాక ఉండబట్టలేక అన్నాను. “పదికి పది అన్నారు కదండీ. చెయ్యేమో ఇలా చెప్తోంది.”

ఆయన నావైపు వింతగా చూశారు. “మీరు ఓపిక అడిగారు. ఓపిక ఉంది. మూడేళ్ళ నుంచి అందరిచేతా మాటలు పడతన్నా, ఓపిక లేకపోతే ఎట్టా సిస్టర్? ఒంట్లో శక్తి ఎంత అని మీరు అడగలా.”

ఫారంలో ఆ ప్రశ్న మళ్ళీ చదువుకున్నాను.

ఆ తప్పు నాది. ఇంగ్లీషు ఫారాన్ని అనువాదం చేసినవాళ్ళు అక్కడ మొదట ‘శక్తి’ అనే రాశారు. పుస్తకాల మాటలా ఉందని నేనే మార్పించాను. మా ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఫోన్లో రోజూ అడిగేదాన్ని, కాస్త ఓపిక వచ్చిందా అని. అంతకంటే తేట మాట నాకు తోచలేదు. ఆ మాటకు ఓర్పు అనే రెండో అర్థం ఉందని తెలియనిదాన్ని కాను. చదువుకున్నదాన్నే. ఓర్పు మీదే బతుకుతున్న మనిషికి ముందు ఆ అర్థమే వినిపిస్తుందని తట్టలేదు.

వేసిన పదిని చెరపడానికి వీల్లేదు. ఫారం పట్టుకుని, స్టడీ నడిపే డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆవిడ పాత ఫారాలన్నీ తీయించారు. వడపోతలో పోయినవాళ్ళలో కొందరు అదే ప్రశ్న దగ్గర పోయారు. పరిశోధనలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీకి అప్పటికప్పుడే ఉత్తరం రాయించి, స్టడీ ఆపి, నేరుగా మా గదికి వచ్చారు.

“ఖాదర్ గారూ, ఫెయిలైంది మీ తమ్ముడు కాదు, మా ఫారం. మళ్ళీ పిలిచేదాకా లేత్ దగ్గరికి పంపకండి.”

“ఎన్నాళ్ళండీ?”

“నెల పట్టొచ్చు.”

“నెల ఆగుతా మేడమ్. ఆ తరవాత ఆగను.”

వెళ్ళబోతూ గుమ్మం పట్టుకుని నిలబడ్డారు మస్తాన్ గారు. “ఒక మాట చెప్పొచ్చా అండీ? ఏ మాట పెట్టినా ఇవాళ ఎట్టా ఉందని అడక్కండి. ఇవాళ బాగానే ఉంటా, అందుకే ఇక్కడిదాకా రాగలిగా. పని చేసిన మర్నాడు ఎట్టా ఉంటన్నారో అడగండి.”

డాక్టరమ్మ గారు ఆ వాక్యాన్ని కాగితం మీద రాసుకున్నారు. కొత్త ఫారంలో అలాంటి ప్రశ్న ఒకటి చేరింది. వడపోతలో పోయినవాళ్ళకు నేనే ఫోన్లు చేసి, తప్పు మాదని చెప్పి, మళ్ళీ రమ్మన్నాను. ఒకావిడ, “అయితే నేను అబద్ధం చెప్పలేదంటారు,” అంది.

నెల తిరిగాక మస్తాన్ గారు స్టడీలో చేరారు. వరసగా రెండు రోజులు మూతికి ఊపిరిని కొలిచే మాస్కు పెట్టి సైకిలు తొక్కిస్తాం. మొదటి రోజు చేయగలిగింది రెండో రోజు చేయగలరా అన్నది చూడాలి. దీనివల్ల వారం పది రోజులు మంచాన పడొచ్చని ముందే చెప్పాను.

“పడతాను. నాకు తెలుసు,” అన్నారు. “నా తరవాత వచ్చేవాడికి ఇన్ని ఆసుపత్రులు తిరగటం తప్పుతుందేమో కదా.”

రెండో రోజు ఖాదర్ గారు తమ్ముణ్ణి భుజం పట్టి నడిపించుకొచ్చారు. పరీక్ష సగంలో ఆపవలసి వచ్చింది. మస్తాన్ గారిని మంచం మీద పడుకోబెట్టి నేను కాగితాలు సర్దుతుంటే ఖాదర్ గారు దగ్గరికొచ్చారు.

“రెండు రోజుల రీడింగులూ పక్కపక్కన పెట్టి చూపించండి సిస్టర్.”

మస్తాన్ గారు తల ఊపాక చూపించాను. కొలతలతో బతికిన మనిషి. నా వివరణ కోసం ఆగలేదు. రెండో రోజు అంకెలు బాగా పడిపోయాయి. వేలు పెట్టి ఒక్కో అంకె రెండుసార్లు చూసుకున్నారు. బయటికి వెళ్ళి షాపుకి ఫోన్ చేశారు. తలుపు తీసే ఉంది.

“తమ్ముడు రాడు. ఆ లేత్ మీద ఇంకెవర్నైనా పెట్టండి.” అవతలివాళ్ళు ఏదో అడిగారు. “జబ్బు. పేరు నాకు నోరు తిరగదు గానీ, జబ్బైతే ఉంది.”

మంచం మీద మస్తాన్ గారు కళ్ళు తెరవలేదు. నిద్రపోలేదని మాత్రం నాకు తెలుసు.

ఆయనకు నయం కాలేదు. సమ్మతి పత్రంలో రాసినట్టే జరిగింది. ఇప్పుడు ఏ ఫారమైనా వాడే ముందు కొందరిచేత చదివించి, ‘దీన్ని మీరెలా అర్థం చేసుకున్నారు?’ అని అడుగుతాను. అది పద్ధతి, ఎవరైనా నేర్చుకోవచ్చు. నాకు ఆయన దగ్గర తెలిసింది వేరు. బాధను ఓర్చుకునేవాడు చూసేవాళ్ళకు బాగున్నవాడిలా కనిపిస్తాడు. ఆయన ఓర్పును ఆరోగ్యం కింద రాసుకున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని.