లేని క్లచ్ మీద కాలు

మా ఇంట్లో బండి ఆగితే బండి తప్పు కాదు, మా వదిన తప్పు. ఈ రూలు ఎవరు పెట్టారో గానీ ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. టైరు పంక్చరైతే వదిన గుంత చూసుకోలేదు. బ్యాటరీ దిగిపోతే వదిన లైటు ఆర్పలేదు. అదే బండి పొద్దున్నే పిల్లలిద్దరినీ స్కూల్లో దించి, అన్నయ్యని ఆఫీసు గుమ్మం ముందు దించి, మోకాళ్ళు వంగని మా అమ్మని డాక్టరుకి చూపించి, సాయంత్రం అందరినీ ఏరుకుని ఇంటికి చేరిస్తే మాత్రం, "బండి భలే నడుస్తోందే" అంటారు. వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆడపడుచునైనంత మాత్రాన వదిన తరఫున మాట్లాడకూడదని ఎక్కడా రాసిలేదు కదా.

ఇంట్లో బండి నడపడం వచ్చింది ఆవిడ ఒక్కదానికే. అన్నయ్య కూడా నేర్చుకోవడానికి వెళ్ళాడు. ఎదురుగా లారీ రావడం చూసి స్టీరింగు వదిలేసి రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత డ్రైవింగు మాస్టారు అన్నయ్య ఫోను ఎత్తడం మానేశాడు. అయినా పక్కసీట్లో కూర్చుని సలహాలివ్వడంలో మా అన్నయ్యని మించినవాడు లేడు.

పోయినేడు మా పాత కారు ఫ్లైఓవర్ నడిమధ్య ఆగిపోయింది. వెనక హారన్ల గోల. వదిన ఎండలో దిగి, చున్నీ ఊపుతూ వెనకొచ్చే బళ్ళని పక్కకి మళ్ళిస్తోంది. లోపల్నుంచి అమ్మ, "గేరు సరిగ్గా వేశావో లేదో చూడవే" అంటోంది. చివరికి మెకానిక్కు వచ్చి, "ఇంజనుకి పెట్రోలు అందించే పంపు పోయిందండీ, ఎవరు నడిపినా ఆగేదే" అన్నాడు. అన్నయ్య విన్నాడు, అమ్మ విన్నది, నేనూ విన్నాను. భోజనాల వేళకి ఆ మాట ఎటు పోయిందో పోయింది. "అమ్మాయి ఫ్లైఓవర్ మీద బండి ఆపేసింది" అన్న కథ ఒక్కటే మిగిలింది. నేను గొంతు చించుకున్నా ఎవరూ వినిపించుకోలేదు. చుట్టాలందరికీ అదే కథ చేరింది.

ఆ తర్వాత వదినలో ఏదో మారింది. సిగ్నల్ దగ్గర బండి ఆపినప్పుడల్లా వంగి తన కాళ్ళకేసి చూసుకునేది. ఒకరోజు నన్ను అడిగింది: "నిజం చెప్పు, నేను నిజంగానే ఏదైనా తప్పు చేసి ఉంటానా?" పంపు పోయిందని చెవులారా విన్న మనిషి అడుగుతున్న ప్రశ్న ఇది. పదిమంది పదిసార్లు అంటే ఎంతటి మనిషికైనా అనుమానం పుడుతుంది. అలా అన్నవాళ్ళ మీద నాకు ఇవాళ్టికీ కోపం చల్లారలేదు.

పాత కారు ఇక లాభం లేదు, అమ్మ ఎక్కడానికి వీలుగా ఎత్తున్న ఎస్‌యూవీ కొందామని తేలాక, మా బాబాయ్ రంగంలోకి దిగాడు. ఆయనకి నల్లటి పెద్ద ఎస్‌యూవీ ఉంది. గేర్లు వాటంతట అవే పడతాయి, పైకప్పు తెరుచుకుంటుంది, మాట్లాడితే జవాబు చెబుతుంది. "కొన్నప్పట్నుంచీ తుమ్మలేదు, దగ్గలేదు. కళ్ళు మూసుకుని అదే కొనండి" అన్నాడు. అంత గొప్ప బండినీ పాడుచెయ్యబోయాడని, తన పాత డ్రైవర్ని ఈమధ్యే ఉద్యోగంలోంచి తీసేశాడు కూడా. అక్కడితో ఆగాడా? అన్నయ్య చెవి దగ్గరికి జరిగి, ఊరంతా వినపడేలా, "కానీ ఒకటిరా అబ్బాయ్. ఒక డ్రైవర్ని పెట్టుకోండి. అమ్మాయి చేతికి మాత్రం ఇవ్వకండి" అన్నాడు.

వదిన వంటింట్లోంచి విన్నది. తర్వాత నాతో మెల్లగా అన్నది: "కొత్త బండి ఒక్కసారి ఆగిందంటే తాళం మళ్ళీ నా చేతికి రాదు. నాకు ఆగని బండి కావాలి. పైకప్పు తెరుచుకోకపోయినా ఫర్వాలేదు."

ఆగని బండిని కనిపెట్టడం ఎలా? వదినది కళ్ళజోళ్ళ షాపు. కళ్ళు పరీక్ష చేసి, అద్దాలు అరగదీసి, ఫ్రేములో బిగించి ఇస్తుంది. "జోడు ఎలా ఉందండీ?" అంటే ప్రతివాళ్ళూ "బ్రహ్మాండం" అంటారట. తాము కొనుక్కున్నది బాగోలేదని ఒప్పుకోవడం ఎవరికైనా చిన్నతనమే. అందుకని ఆవిడ ఆ ప్రశ్న ఎప్పుడో మానేసింది. "ఇది పెట్టుకుంటే ఏ పని కష్టంగా ఉంది?" అని అడుగుతుంది. అప్పుడు బయటికొస్తుంది, మెట్లు దిగుతుంటే కాలు తడబడుతోందనీ, సూదిలోకి దారం ఎక్కడం లేదనీ.

బాబాయ్ చెప్పిన బండే చూద్దామని అన్నయ్య, వదిన, నేను షోరూముకి వెళ్ళాం. సేల్స్ కుర్రాడు అన్నయ్యకి ఇంజన్ గురించి చెప్పి, వదినకి రంగులు చూపించాడు. "టెస్ట్ డ్రైవ్ చేస్తారా సార్?" అని తాళం అన్నయ్యకి ఇచ్చాడు. అన్నయ్య దాన్ని వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుని వదినకి అందించాడు. ఆవిడ ఒక చుట్టు తిప్పి తీసుకొచ్చింది. బండి మెత్తగానే ఉందట. "ఎప్పుడైనా ఆగుతుందా?" అని అడిగితే, "మా బండి ఆగడమా మేడమ్!" అని కుర్రాడు పళ్ళికిలించాడు.

వదిన అన్నయ్యని రంగుల దగ్గర వదిలేసి, నన్ను లాక్కుని షోరూము వెనకున్న సర్వీసు సెంటరుకి నడిచింది. అక్కడ బళ్ళవాళ్ళు ఎదురుచూసే హాలు. గొంతు నొక్కేసిన టీవీ, ఒక కాఫీ మిషను, అద్దంలోంచి కనిపించే షెడ్డు. ఒక బట్టతలాయన పక్కన కూర్చుని, ఈ బండి ఎలా ఉంటుందని నేనే అడిగాను. "సూపరమ్మా! ఆలోచించకుండా తీసుకోండి" అన్నాడు. అద్దం అవతల ఆయన బండి గేర్‌బాక్సు ఊడదీసి నేలమీద పెట్టి ఉంది!

వదిన అడిగింది. "చివరిసారి ఎక్కడ ఆగిందండీ? అప్పుడు పక్కన ఎవరున్నారు?"

ఆయన అద్దంలోంచి తన బండికేసి చూశాడు. "రైల్వే గేటు దగ్గర. మా మావగారున్నారు. ఇప్పటికీ దెప్పుతున్నారు."

అంతే, హాలంతా మొదలుపెట్టింది. ట్రాఫిక్‌లో మెల్లగా కదిలితే చాలు గేర్‌బాక్సు వేడెక్కుతుందట, ఎర్ర అక్షరాలు వెలుగుతాయట, ఇక బండి కదలదట. ఒక టీచరమ్మకి స్కూలు గేటు ముందు ఆగిందట. ఒక పెద్దాయనకి ఆసుపత్రికి వెళ్తుంటే ఆగిందట. వీళ్ళలో ప్రతి ఒక్కరికీ కౌంటర్లో ఒకటే మాట చెప్పారు: మీరు నడిపే పద్ధతి బాగోలేదు. అంటే ఊళ్ళో జనమంతా తప్పుగా నడుపుతున్నారు, బండి ఒక్కటే ఒప్పుగా ఉంది! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వదినకి మాత్రం, చాలా రోజుల తర్వాత, ముఖం తేటపడింది.

ఆ సాయంత్రమే మేమిద్దరం వదిన షాపులో ఉండగా బాబాయ్ పాత డ్రైవరు వచ్చాడు. మా పిల్లలు అతన్ని నిమ్మళం అంటారు. ఎవడు అడ్డమొచ్చినా హారన్ కొట్టకుండా, "నిమ్మళంగా పోనివ్వండి పాపం" అనడం అతని అలవాటు. జుట్టు నెరిసేదాకా బాబాయ్ దగ్గరే పనిచేశాడు.

"అమ్మా, నా కళ్ళు ఒకసారి చూస్తారా" అన్నాడు. "బండి నేనే పాడుచేశానంట. అయ్యగారు అందరికీ చెప్పారు, ఎక్కడా పని దొరకట్లేదు. ఇంట్లో మా ఆవిడ కూడా, వయసైపోయింది, నీకు తెలియకుండానే ఏదో చేసుంటావు అంటోంది. నాకూ అలాగే అనిపిస్తోంది."

వదిన అన్ని అద్దాలూ మార్చి మార్చి చూసింది. చివరి వరుసలో చిన్న అక్షరాలు కూడా గడగడా చదివేశాడు. "మీ కళ్ళు నా కళ్ళకంటే బావున్నాయి" అని ఆవిడ చెబితే, సంతోషించాల్సిందిపోయి అతను బెంగపడ్డాడు. కళ్ళు కాకపోతే మరి తప్పు ఎక్కడుందో అతనికి అర్థంకాలేదు. అతను వెళ్ళాక వదిన అద్దాలు తుడిచిందే తుడుస్తూ కూర్చుంది. "నేనూ అచ్చం ఇలాగే అయిపోయాను కదూ" అన్నది.

ఆదివారం బాబాయ్ వచ్చి సోఫా నిండా కూర్చున్నాడు. అదే బండి బుక్ చెయ్యమని అన్నయ్య చేతిలో ఫోను పెట్టబోతుంటే, వదిన కాఫీ అందిస్తూ అడిగింది.

"చిన్నమావయ్యగారూ, మీ డ్రైవరు అసలేం చేశాడండీ?"

"ఏముందమ్మాయ్? క్లచ్ మీద కాలేసి నడిపాడు. ఎడమకాలు ఎప్పుడూ దాని మీదే! గేర్‌బాక్సు మాడిపోయి, కొత్తది వేయించాల్సి వచ్చింది."

"అంటే బండి ఆగిందన్నమాట."

"బండి ఆగలేదు, వాడు ఆపాడు!"

"మావయ్యగారూ, ఆ బండిలో క్లచ్ లేదండీ. కాలి కింద రెండే ఉన్నాయి, బ్రేకు, యాక్సిలరేటరు. మొన్న నేనే నడిపాను. ఎడమకాలికి అసలు పనే లేదు."

బాబాయ్ కాఫీ కప్పులోకి చూశాడు. ఆయన ఎప్పుడూ వెనకసీట్లో పేపరు చదువుకునే మనిషి. తన బండికి ముందు వైపు ఏముందో ఏనాడూ తొంగి చూసిన పాపాన పోలేదు. లేని క్లచ్ మీద కాలు వేశాడని ఒక మనిషి కూడు తీసేశాడు! పోనీ అప్పుడైనా సిగ్గుపడ్డాడా?

"క్లచ్ కాకపోతే ఇంకోటి! సర్వీసువాళ్ళు డ్రైవరు వల్లే అన్నారు. ఇంట్లో పెద్దా చిన్నా లేకుండా పోయింది" అని, కాఫీ సగంలో వదిలేసి విసవిసా వెళ్ళిపోయాడు.

"పెద్దాయన్ని అలా నిలదీస్తారటే?" అంది అమ్మ. నేను నోరు తెరవబోతే అన్నయ్య నా కాలు తొక్కాడు. అతనికి ఎక్కడ గొడవైనా భయమే. కానీ ఫోను మాత్రం జేబులో పెట్టేసుకున్నాడు, అదే పదివేలు.

వదిన ఇంకో కంపెనీ సర్వీసు హాలుకి వెళ్ళి అవే ప్రశ్నలు అడిగింది. అక్కడివాళ్ళు సీట్లు గట్టిగా ఉన్నాయని తిట్టారు, పాటలు సరిగ్గా వినపడవని తిట్టారు, రంగు బాగోలేదని తిట్టారు. ఎక్కడ ఆగిందంటే మాత్రం తెల్లమొహం వేశారు. ఆ బండే కొన్నది. చేత్తో వేసుకునే గేర్లు, నలుచదరంగా, ఏ సోకూ లేదు. చుట్టాలంతా దానికి బీరువా అని పేరు పెట్టారు. బీరువా కొన్నప్పట్నుంచీ తాళం తిప్పగానే కదులుతూనే ఉంది. అందుకు వదినని మెచ్చుకున్నవాళ్ళు లేరు, అది వేరే సంగతి.

మొన్న మిట్టమధ్యాహ్నం వదినా నేనూ అమ్మని మోకాళ్ళ డాక్టరు దగ్గర్నుంచి తీసుకొస్తున్నాం. బాబాయ్ ఫోన్ చేశాడు. "అమ్మాయ్, బండి ఆగిపోయింది. కొత్త డ్రైవరు కూడా వెధవాయే. కాస్త వచ్చి ఎక్కించుకుంటావా?"

వెళ్ళాం. నాలుగు రోడ్ల కూడలి పక్కన నల్లబండి బానెట్టు ఎత్తుకుని నిలబడి ఉంది. కొత్త డ్రైవరు తలొంచుకుని, తిట్లు తింటూ, చొక్కా తడిసి ముద్దయి నిలబడ్డాడు. బాబాయ్ చెమట తుడుచుకుంటూ వచ్చి బీరువా ముందుసీట్లో కూలబడ్డాడు. "పోనివ్వమ్మా."

వదిన తాళం తిప్పలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమైంది? ఇదీ ఆగిందా?"

"లేదండీ. ఇది ఆగదు. నేనే ఆపాను. పాత డ్రైవరుకి ఫోన్ చేసి, తప్పు బండిదని మీ నోటితో చెప్పండి. అప్పుడు కదులుతుంది."

బాబాయ్ ఎగిరిపడ్డాడు. దిగిపోతానన్నాడు. తలుపు తీసి ఒక కాలు బయట పెట్టాడు, ఆ ఎండకి మళ్ళీ లోపలికి లాక్కున్నాడు. వదిన చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు. చివరికి ఫోన్ తీశాడు.

"నేనేరా... ఆ బండి... మళ్ళీ ఆగింది. నువ్వు చేసిందేం లేదు. బండిలోనే ఉంది లోపం." అవతల్నుంచి నిమ్మళం గొంతు నా దాకా వినపడింది: "అయ్యగారూ, ఈ ముక్క మా ఆవిడకి కూడా ఒకసారి చెప్తారా? పక్కనే ఉంది, ఇస్తున్నాను."

బాబాయ్ మళ్ళీ చెప్పాడు, ఈసారి 'అమ్మా' అని పిలిచి చెప్పాడు. నాకు జాలేమీ కలగలేదు. ఈ మాట ఎన్నో నెలల కిందటే చెప్పాల్సింది.

వదిన అద్దం దించి, బయట నిలబడ్డ కొత్త డ్రైవర్ని కూడా ఎక్కమంది. అతను భయంభయంగా వచ్చి వెనక మా పక్కన ఒదిగి కూర్చున్నాడు. ఆవిడ తాళం మీద చెయ్యి వేసింది.

అప్పుడు అమ్మ, నా పక్కనుంచి, మోకాళ్ళు రుద్దుకుంటూ అంది: "నేను ఫోన్ చెయ్యక్కర్లేదులే, నువ్వు ఇక్కడే ఉన్నావుగా. ఫ్లైఓవర్ మీద ఆ రోజు పంపు పోయిందే అమ్మాయ్. నీ చేతిలో ఏ తప్పూ లేదు. నాకు ఆ రోజే తెలుసు."

వదిన అద్దంలోంచి అమ్మకేసి చూసింది. "తెలుసని నాకూ తెలుసు అత్తయ్యా" అని, తాళం తిప్పింది.