కట్ అనే మాట

కూర్చో పాపా. ఆ ఫోన్ పక్కన పెట్టి సరిగ్గా విను, చెప్పింది చెప్పినట్టు రాయి.

నాకు వచ్చిన ఇంగ్లీషే నాలుగు మాటలు. అందులో ఎక్కువ పనికొచ్చింది కట్. కరెంటు కట్, ఫోన్ కట్, నువ్వు కాలేజీకి కట్ కొట్టడం, మీ అమ్మ జుట్టు కట్ చేయించుకోవడం. నవ్వకు. నేనూ నవ్వుతూనే అనేదాన్ని, ఆ మాట మీ తాత కాలి దాకా రాకముందు.

మీ తాత పొద్దంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మనిషి. పక్కనే నేను కండెలకు నూలు చుట్టేదాన్ని. ఆయన మొహం చూస్తాను, చేతులు చూస్తాను. కాళ్లు గుంటలో ఉంటే ఎవరు చూస్తారు? షుగరు మనిషికి నొప్పి కూడా తెలియదంట. కాలితో తొక్కే చెక్క ఒరుసుకుని బొటనవేలు పుండైతే, గుడ్డ చుట్టుకుని చీర పూర్తయ్యేదాకా నేసినాడు. వాసనేందని అడిగితే, "నూలుకు పెట్టిన గంజి పులిసిందిలేవే" అన్నాడు. నేను నమ్మినాను.

మీ నాయన ఆ గుడ్డ విప్పి చూసి, ఆయన్ని కర్నూలు ఆస్పత్రికి తీసుకుపోయినాడు. మరుసటి రోజు ఫోన్ చేసి, "మా, కట్ చేయాలంటాండారు" అన్నాడు.

"యాడిదాంకా రా? ఏలా, కాలా?"

లైను పోయింది. ఎన్నిసార్లు చేసినా కలవలేదు. కాలే పోతే ఆ చెక్క దేంతో తొక్కుతాడు? నందికొట్కూరులో బస్సెక్కితే, పక్కనామె ఫోన్‌లో "కట్ చేయొద్దు, కట్ చేయొద్దు" అని అరుస్తోంది. నేను లేచి ఇంకో సీట్లోకి పోయినాను.

ఆస్పత్రిలో ఆయన మెడదాకా దుప్పటి కప్పుకుని కండ్లు మూసుకున్నాడు. దుప్పటి ఎత్తడానికి నాకు చెయ్యి రాలేదు. పైనుంచే తడిమినాను. మోకాలు ఉంది. పిక్క ఉంది. ఇంకా కిందకు పోవాలంటే భయం.

"ఏమే, బట్ట కొలుస్తాండావా?" అన్నాడు కండ్లు తెరవకుండానే. "పాదం ఉండాదిలే. ఏలొకటే పోయింది."

అప్పటినుంచి రోజూ గుంటలోకి దిగకముందే రెండు కాళ్లూ చూపించమంటాను. "పోలీసోళ్లు కూడా ఇట్ల సోదా చేయరు కదే" అని తిట్టుకుంటూనే చాపుతాడు. ఈ పొద్దున చూస్తే, రెండో కాలి చిటికెన వేలి సందులో ఎర్రగా, చెమ్మగా ఉంది. దోమ కుట్టిందంటాడు. దోమ ఆ సందులో ఎట్లా కుడుతుంది పాపా? డాక్టరు గనక మళ్లీ ఆ మాట—

"ఏమే! సంగటి సల్లారిపోతాంది, వస్తాండావా లేదా?"

ఆ, వస్తాండా! చూడు పాపా, డాక్టరు గురించి నేనన్న ముక్క మాత్రం మీ తాత ముందర చదవొద్దు.