బాష్పీభవనం చెప్పిన సుల్తానా టీచర్

1959లో నేను కరీంనగర్‌లో ఒక టీచర్ ట్రైనింగ్ స్కూల్లో జనరల్ సైన్సు చెప్పేవాణ్ణి. అప్పటికే బడుల్లో పనిచేస్తూ సర్టిఫికెట్ లేనివాళ్లను మా దగ్గరకు పంపేవారు. పరీక్ష తప్పితే వాళ్ల ఉద్యోగం ఖాయమయ్యేది కాదు.

ఆ ఏడు బెల్లంపల్లి నుంచి సుల్తానా బేగం వచ్చారు. ఆరేళ్ల సర్వీసు. చదువంతా ఉర్దూలో సాగింది, పరీక్షేమో తెలుగులో. బజార్లో గలగలా తెలుగు మాట్లాడే మనిషి, పాఠ్యపుస్తకం తెరిస్తే తడబడేవారు.

“నీళ్లు ఆవిరైపోవుడును మేం తబ్ఖీర్ అని చదివినం సార్. గీ బాష్పీభవనానికి నోరు తిరుగుతలేదు. నౌకరి పోతదేమోనని పరేషానైతున్న,” అన్నారొకరోజు.

“నోట్సు కంఠస్థం చేయండమ్మా, వేరే దారి లేదు,” అన్నాను. ఎన్నో బ్యాచులను అలాగే గట్టెక్కించాను మరి. ఆవిడ నెల రోజులు వల్లె వేశారు. తీరా నమూనా పరీక్షలో మాటలు గుర్తురాక, తెలిసిన సంగతి కూడా రాయలేకపోయారు.

పేపరు చేతికిచ్చినప్పుడు ఆవిడ బెంబేలెత్తలేదు. “జర నా తీరున చదువుకోనియ్యుండ్రి సార్. ముందు సంగతి నా మాటల్ల రాసుకుంట. పుస్తకం మాట ఆఖరికి పెట్టుకుంట.” ఇష్టం లేకుండానే ఒప్పుకున్నాను.

రాతపరీక్ష బాగానే రాశారు. మిగిలింది ప్రాక్టికల్ లెసన్, అంటే పరీక్షాధికారి ఎదుట పిల్లలకు పాఠం చెప్పి చూపడం. ఆవిడకు ఇచ్చిన పాఠం బాష్పీభవనమే. క్లాసులో ఎక్కువమంది నేత కుటుంబాల పిల్లలు.

“మీ బాపు మగ్గం పడుగు నూలుకు గంజి వెట్టి ఏడ ఆరేస్తడు?” అని మొదలుపెట్టారు.

“ఎండల,” అంది ముందు వరుస పిల్ల. “మబ్బు వడితే గంజి వెట్టనే వెట్టడు. ఆరది గద!”

“మరి ఆరిన నీళ్లు ఏడికి వోయినయ్?”

ఆ పిల్లే, “గాలిల కలిసినయ్,” అంది.

అప్పుడు బోర్డు మీద పెద్ద అక్షరాలతో బాష్పీభవనం అని రాసి, “గీ మాట నాక్కూడ కొత్తదే. కలిసి చదువుదాం,” అన్నారు. వెనక కూర్చున్న నేను పరీక్షాధికారి వైపు చూశాను.

పాఠం అయ్యాక పరీక్షాధికారి, “మాట కొత్తదని పిల్లల ముందే ఒప్పుకుంటారా అమ్మా?” అని అడిగారు.

“మాట మొన్న నేర్చుకున్న సార్. సంగతి ఎప్పుడో తెలుసు,” అన్నారావిడ, చూపు దించకుండా.

ఆయన నవ్వారు. ప్రాక్టికల్‌లో ఆ బ్యాచ్ మొత్తానికి ఆవిడవే ఎక్కువ మార్కులు. ఉద్యోగం ఖాయమైంది.

మరుసటి బ్యాచ్‌కు నేను మొదటిరోజు నోట్సు చెప్పలేదు. తడిగుడ్డ ఒకటి ఎండలో ఆరేసి, ఏం జరిగిందో మీ ఇంటి మాటల్లో రాయండి అన్నాను. రిటైరయ్యేదాకా అలాగే చెప్పాను. పుస్తకం మాట అప్పజెప్పినవాళ్లందరికీ సంగతి తెలుసనుకుని అంతకుముందు ఎందరికి మార్కులు వేశానో తలుచుకుంటే మాత్రం, ఇప్పటికీ కొంచెం సిగ్గేస్తుంది.