టీచరమ్మ దిద్దిన వీలునామా

నేను తెలుగు టీచర్ని. పెళ్లి శుభలేఖలో దీర్ఘం తప్పిపోయినా, భోజనానికి కూర్చునే ముందు చెప్పిగాని ఊరుకోను. ఆ జబ్బే ఒకసారి కొంప ముంచబోయింది.

కొత్త విమానాశ్రయం తెరిచిన మరుసటి ఏడు, తెనాలి వైపు నుంచి వచ్చి శంషాబాద్‌లో ఒక అవ్వ ఇంట్లో కిరాయికి దిగాం. అవ్వకు ఒక కొడుకు, ఒక కూతురు. పొలం కొడుక్కి ముందే ఇచ్చేసింది. అతను తుక్కుగూడలో ఉండేవాడు. కూతురు తల్లి దగ్గరే ఉండి, బర్రెలను సాకి పాలు అమ్ముతూ ఆమెను కంటికి రెప్పలా చూసుకునేది.

ఒకరోజు అవ్వ నన్ను పిలిచింది. "టీచరమ్మా, వసీయత్ రాయాలె. మావోళ్లల్ల ఎవలకు జెప్పినా ఇంకొకలు అలుగుతరు. నేను వోయినంక నువ్వే దగ్గరుండి ఎవలది వాళ్లకు అప్పజెప్పాలె" అంది. నేను పొంగిపోయాను. ఆమె చెబుతుంటే వీలునామా రాశాను. "ఇల్లు బిడ్డకు" అంది. ఇద్దరు బిడ్డలుండగా ఏకవచనమేమిటని "ఇల్లు నా పిల్లలకు" అని దిద్దాను. చదివి వినిపించేటప్పుడు నెత్తిమీదుగా విమానం పోతోంది. అవ్వ సగం నన్ను, సగం దాన్ని విని, "మంచిగుంది" అని వేలిముద్ర వేసింది. పక్కింటివాళ్లిద్దరు సాక్షి సంతకాలు చేశారు.

రెండేళ్లకు అవ్వ పోయింది. ఇక నా పనేమిటో తెలుసుకుందామని వకీలు దగ్గరికి వెళ్లాను. "కాగితంలో ఏముందో అదే జరిపించాలి మేడం. మీకు తోచిన న్యాయం చేయకూడదు, ఒక్క అక్షరం మార్చకూడదు" అన్నాడాయన. అక్షరాల సంగతి నాకా చెప్పేది అని నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.

అన్నాచెల్లెళ్లను కూర్చోబెట్టి చదివాను. "ఇల్లు నా పిల్లలకు" అనగానే చెల్లెలి మొహం వాడిపోయింది. "బిడ్డకు అనలేదా టీచరమ్మా? ఇల్లు నాకే అన్నది గద అమ్మ!"

అప్పుడు వెలిగింది నాకు. ఇక్కడ బిడ్డంటే కూతురు. మా వైపు కొడుకైనా బిడ్డే, కూతురైనా బిడ్డే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమెకున్న గూడు అదొక్కటే. విమానాశ్రయం పుణ్యమా అని గజం ధర ఆకాశాన్నంటుతోంది, సగం వదులుకోమని అన్నను ఏ మొహంతో అడగను? నిజం మాత్రం చెప్పేశాను. తప్పుగా దిద్దింది నేనే, ఇప్పుడు దాన్ని దిద్దే హక్కు నాకు లేదన్నాను.

అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇన్నొద్దులు మా అమ్మతోని ఉండి బిడ్డంటె ఏందో తెల్వదా? గిదేం తెలుగు టీచరమ్మా మీది!" చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నేనూ నవ్వాను, ఏడుస్తూనే. ఎంత తేలికైందో మనసు!

వారం తిరగకుండా రిజిస్ట్రార్ ఆఫీసుకొచ్చి తన సగం చెల్లెలి పేర రాసిచ్చాడు. సంతకానికి ముందు, బాధ్యత కదా అని, "బాగా ఆలోచించుకున్నారా?" అని అడిగాను.

"అమ్మ మాట మీరు తప్పు రాసిన్రు గని టీచరమ్మా, నేనైతె తప్పు ఇనలే" అన్నాడు.