మధ్యాహ్నపు పాలు

దూది ఏకే బుడాన్ చంటిపిల్లని చంకనేసుకుని వీధిలో తిరుగుతాడని గుంటూరులో ఎవరూ అనుకోలేదు. అద్దంకి దగ్గర పల్లెలో పుట్టి, దూది ఏకే విల్లు భుజాన వేసుకుని గుంటూరు చేరినవాడు. ఇల్లిల్లూ తిరిగి పాత పరుపులు విప్పి, ఆ ఇంటివాళ్ల అరుగు మీదే కూచుని దూది ఏకిపెట్టడం తప్ప మరో పని చేతకాదు. వంటింట్లోకి తొంగి చూసిన పాపాన పోలేదు.

యాభై ఏడో సంవత్సరం ఎండల్లో మద్రాసు వైపు నుంచి ఫ్లూ జ్వరం వచ్చిపడింది. ఇంటికొకరు మంచం పట్టారు. ఇల్లిల్లూ తిరిగే మనిషిని అప్పుడు గడప తొక్కనిచ్చేదెవరు? ఏ రోగి పరుపు ముట్టుకొచ్చాడోనని అందరికీ భయం. విల్లు మూలన పడింది. ఇక లాభం లేదని అతని భార్య ఖాజాబీ ఎండుమిరప కొట్టులో తొడిమలు తీసే పనికి కుదిరింది. ఎనిమిది నెలల షాజాదీని చూసుకోవడం బుడాన్ వంతయింది.

మొదటి వారం అతను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. జావ మాడ్చాడు, గుడ్డలు సగం ఉతికి ఆరేశాడు. పక్కింటి సర్దార్‌బీ పడీపడీ నవ్వింది. నవ్వితే నవ్వనీ! ఆమెను కూడా గుమ్మం దాటి రానివ్వలేదు. పిల్లకి ఆ జ్వరం సోకకూడదు, అతనికి తెలిసిందల్లా అదొక్కటే.

కానీ పాలు అతని దగ్గర లేవు కదా. రోజూ మధ్యాహ్నం పిల్ల మీద తుండుగుడ్డ కప్పి కొట్టుకి మోసుకెళ్లేవాడు. ఖాజాబీ బస్తాల చాటుకి వచ్చి కూచునేది. ఆమె చేతులనిండా కారం. ఎంత కడిగినా మంట వదలదు. ఆ చేతులు పసిదాని కంట్లో తగిలితే ఇంకేమైనా ఉందా! అందుకని ఆమె చేతులు దూరంగా పెట్టుకుంటే, బుడానే పిల్లని రొమ్ముకి పట్టేవాడు. మగాడు చేసే పనేనా ఇది అని మేస్త్రి ఎగతాళి చేశాడు. బుడాన్ తలెత్తలేదు.

కొట్టులో అందరూ దగ్గుతారు. అందరి కళ్లూ ఎర్రగానే ఉంటాయి, ముక్కులు కారుతూనే ఉంటాయి. ఆ ఘాటుకి అలవాటుపడ్డవాళ్లకి దగ్గు ఒక రోగమే కాదు. ఖాజాబీ దగ్గు ఎక్కువైందని బుడాన్‌కి ఒకటి రెండుసార్లు అనిపించకపోలేదు. ఈ సరుకు ఘాటెక్కువని ఆమే అంది. ఒళ్లు నొప్పులంటారా, రోజంతా గొంతుక్కూచుంటే రాక ఏం చేస్తాయి? తర్వాత పిల్లా దగ్గడం మొదలుపెట్టింది. పసిగొంతు, బస్తాల మధ్యకి తీసుకెళితే ఘాటు పట్టదా అని తనకు తానే సర్దిచెప్పుకుని, తడిగుడ్డతో దాని మొహం తుడిచేవాడు. తుడిచి, మళ్లీ మధ్యాహ్నం అక్కడికే తీసుకెళ్లేవాడు, పిచ్చివాడు.

ఆదివారం కొట్టుకి సెలవు. సెలవునాడు పొద్దెక్కేసరికి దగ్గు తగ్గిపోవడం ఖాజాబీకి మామూలే. ఆ ఆదివారం ఆమె లేవలేదు. పొద్దు నడినెత్తికొచ్చినా దగ్గు ఆగలేదు. ఘాటు పుట్టడానికి ఇంట్లో ఒక్క మిరపకాయ కూడా లేదు.  బుడాన్ వెళ్లి ఆమె నుదుటి మీద చెయ్యి వేశాడు. పెనంలా కాలుతోంది.

"ఎన్నాళ్ల నుంచే ఇది?"

"బుధవారం నుంచీ ఒళ్లు వెచ్చగానే ఉంది. కారం వేడేమో అనుకున్నా."

బుధ, గురు, శుక్ర, శని. నాలుగు మధ్యాహ్నాలు. పేటలో ఒక్కరిని గుమ్మం తొక్కనివ్వకుండా కాపలా కాసినవాడు, ఆ నాలుగు రోజులూ తన చేతులతోనే పిల్లని జ్వరం దగ్గరికి మోసుకెళ్లాడు.

షాజాదీ పాలకి ఏడుపు లంకించుకుంది. ఖాజాబీ గోడ వైపు తిరిగి పడుకుంది. "దాన్ని నా దగ్గరికి తేవొద్దయ్యా, నీకు దండం పెడతా. జావ కాచి పట్టు" అంది.

బుడాన్ పిల్లని భుజాన వేసుకుని జావగిన్నె అందుకున్నాడు. పిల్ల చెంప అతని మెడకి చుర్రుమని తగిలింది.  గిన్నె కింద పెట్టి, వెనక్కి వచ్చి, పిల్లని తల్లి పక్కలో పడుకోబెట్టాడు.

"ఇటు తిరుగు ఖాజాబీ. ఇంక దూరం పెట్టి లాభం లేదు" అన్నాడు.