గీజరు గురించి నేను చెప్పిన సాక్ష్యం

ఒమాన్‌లోని బహ్లాలో చలికాలం అద్దాలు కడగడానికి వేణ్ణీళ్లు వాడేవాళ్లమంటే మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. గల్ఫ్‌లో చలేమిటని నవ్వారు. ఎండాకాలం అక్కడ కుళాయి తిప్పితే మిద్దె మీది ట్యాంకులోంచి చెయ్యి కాలే నీళ్లు వచ్చేవి. స్నానానికి ముందురోజే బకెట్లలో పట్టి చల్లార్చుకునేవాళ్లం. అదే ట్యాంకు డిసెంబరు ఉదయాన వేళ్లు కొంకర్లు పోయే నీళ్లు ఇచ్చేది. చుట్టూ కొండలు. మంచుకు తడిసిన దుమ్ము అద్దాల మీద బురదలా అంటుకుని పొద్దెక్కేసరికి గట్టిపడేది. చన్నీళ్లలో సబ్బు నురగ వచ్చేది కాదు, దుమ్ము కదిలేది కాదు.

తొంభైల మొదట్లో సంగతి. అప్పుడు నేనొక క్లీనింగ్ కంపెనీలో పనిచేస్తున్నాను. మా డ్యూటీ ఒక మూడంతస్తుల ఆఫీసులో. నాకు జోడీ కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన అన్న. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నేను గోదావరి జిల్లాలో ఒక సంఘకాపరి కొడుకుని. ఆదివారపు బడిలో కంఠత వాక్యాలు చెప్పి పలకలు, పెన్సిళ్లు గెలుచుకున్నవాణ్ణి. పని చేస్తూ కీర్తనలు పాడుకునేవాణ్ణి. అందుకని అన్న నన్ను 'పాస్టర్ సాబ్' అనేవాడు. వెక్కిరింతో, ప్రేమో తెలిసేది కాదు. రెండూ అయివుంటాయి.

ఆ ఏడు మా మలయాళీ సూపర్‌వైజరు ఒక చిన్న గ్యాస్ గీజరు తెచ్చాడు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతున్న ఎవరో ఇంజినీరు ఇచ్చాడట. గోడకి తగిలించుకునే తెల్ల డబ్బా అది. దాన్ని ఇనప ట్రాలీకి బోల్టులతో బిగించి, కింద సిలిండరు పెట్టించాడు. ఒక పైపు కుళాయికి, ఇంకో పైపు బకెట్లోకి. కుళాయి తిప్పగానే లోపల టక్ టక్ మని నిప్పురవ్వ పడేది. చిన్న కన్నంలోంచి నీలం మంట కనబడేది. ట్రాలీ పని అన్న చూసుకునేవాడు, అద్దాల మీది నీళ్లు లాగే వైపరు పని నాది. ఆ డబ్బా లోపల ఏముందో నేనెప్పుడూ వంగి చూడలేదు. నీళ్లూ నిప్పూ ఒకే డబ్బాలో ఒకదాన్నొకటి చంపుకోకుండా ఉండడం నాకు వింతగా ఉండేది. అంతే.

ఒక గురువారం పొద్దున అది వెలగలేదు. ఆ సాయంత్రానికి ఉత్తరం వైపు అద్దాలన్నీ పూర్తి కావాలని, లేకపోతే శుక్రవారం కూడా డ్యూటీ అని సూపర్‌వైజరు ముందే చెప్పి ఉన్నాడు. శుక్రవారమంటే అక్కడ సెలవు, నాకు ప్రార్థన కూడిక. దగ్గరి టౌన్లో నర్సుల క్వార్టర్స్‌లో పదిహేనుమందిమి తెలుగువాళ్లం చేరేవాళ్లం. వారమంతా నేను బతికేది ఆ రెండు గంటల కోసమే.

ఐదుసార్లు కుళాయి తిప్పాను. టక్కుమనలేదు. చన్నీళ్లతో రెండు అద్దాలు చేసి చూశాను. మురికి చెరిగి చారలు కట్టిందే తప్ప పోలేదు. అన్న గీజరు చుట్టూ తిరిగి చూస్తున్నాడు. నేను వైపరు కింద పెట్టి, భవనం వెనక జనరేటర్ గది పక్కకి వెళ్లి, ఎవరూ చూడకుండా మోకరించాను. చిన్నప్పటి నుంచి విన్న బైబిలు కథ గుర్తొచ్చింది. కొండ మీద ప్రవక్త నీళ్లతో తడిపించిన బలిపీఠం, దాని మీదికి ఆకాశం నుంచి దిగిన అగ్ని. ప్రభువా, నీకిది పెద్ద పనా అని అడిగాను.

తిరిగి వచ్చి గీజరు మీద చెయ్యి పెట్టి, ఆమెన్ అని కుళాయి తిప్పాను. టక్ మని వెలిగింది.

నా ఒళ్లు జలదరించింది. ప్రార్థన విన్నాడన్నా అని అరిచినట్టున్నాను. అన్న బకెట్ ఎత్తుకుంటూ, "మంచిదే గదా," అన్నాడు. సాయంత్రానికి ఉత్తరం వైపంతా అయిపోయింది.

మర్నాడు కూడికలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘాల్లో అది వాడుక. వారంలో దేవుడు చేసిన మేలు ఉంటే లేచి నిలబడి చెప్పాలి. చెప్పకపోతే మేలు దాచుకున్నట్టు. నేను లేచాను. ఐదుసార్లు వెలగని గీజరు, మోకాళ్లు, చెయ్యి పెట్టడం, మంట, అన్నీ వరసగా చెప్పాను. తడిసిన బలిపీఠం మాట కూడా చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. కూడిక నడిపే పెద్దాయన, ల్యాబ్ టెక్నీషియన్, కళ్లు తుడుచుకున్నారు. భోజనాలప్పుడు ఒకాయన తన కారు స్టార్టు కావడం లేదని, వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టమని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గానీ నిజంగానే అడిగాడు. పెట్టాను. కారు కదల్లేదు. విశ్వాసం సరిపోలేదేమో బ్రదర్ అన్నాడు. ఎవరి విశ్వాసమో చెప్పలేదు.

తర్వాతి శుక్రవారం ఒక నర్సక్క నన్ను వంటగది గుమ్మం దగ్గరికి పిలిచింది. యాభై దగ్గరపడుతున్న మనిషి. బీపీ ఉందని అందరికీ తెలుసు. ఒకసారి ప్రార్థన మధ్యలో కళ్లు తిరిగి కూర్చుండిపోయింది.

"నీ సాక్ష్యం విన్నాక నాకు ధైర్యం వచ్చింది తమ్ముడూ," అంది. "మాత్రలు మానేశాను. వారమైంది. ఇనప డబ్బా మాట విన్నవాడు నా మాట వినడా?"

నాకు సంతోషం కలిగింది. దాన్ని దాచను. నా నోటి మాట ఒకరిని నిలబెట్టిందనే సంతోషం. దాని వెనకే భయమూ వేసింది. డాక్టరుకి చెప్పారా అక్కా అని అడిగాను. చెబితే ఒప్పుకుంటాడా అని నవ్వింది. స్తోత్రం అన్నాను.

శనివారం గీజరు మళ్లీ ఆగిపోయింది. నేను చెయ్యి పెట్టబోతుంటే అన్న వంగి, డబ్బా అడుగున ఒక మూత లాగి, నిప్పురవ్వ పుట్టించే రెండు లావు బ్యాటరీలు బయటికి తీశాడు.

"మొన్న మార్చినయి అప్పుడే అయిపోయినయ్," అన్నాడు.

మొన్నంటే ఎప్పుడని అడిగాను.

"అగో, నువ్వు జనరేటర్ రూమ్ ఎనుకకు పోయినవ్ గదా, గప్పుడు."

కాసేపు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక, మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని నిలదీశాను. గొంతు లేచిందనుకుంటాను.

"నువ్వు గంత సంబురపడుతుంటే నడిమిట్ల నేనెందుకు తమ్మీ? బ్యాటరీలు మార్చుడు గూడ ఒక చెప్పే ముచ్చటేనా?"

అతనికి అది నిజంగానే ముచ్చట కాదు. దుకాణానికి పోయి కొత్త బ్యాటరీలు తెచ్చి వేశాడు. గీజరు వెలిగింది. నేను మాత్రం వైపరు పట్టుకుని ఒకే అద్దాన్ని మూడుసార్లు లాగాను. అద్దం శుభ్రంగానే ఉంది. నా మొహమే అందులో సరిగ్గా కనబడడం లేదు.

దేవుని పేరు మీద అబద్ధసాక్ష్యం చెప్పినవాడికి ఏమవుతుందో నాకు చిన్నప్పుడే నేర్పారు. కాని నేను అబద్ధం చెప్పానా? నేను చూసింది చూసినట్టే చెప్పాను. ప్రార్థించాను, వెలిగింది. రెండూ నిజమే. ఒక పక్క ఇలా సమాధానం చెప్పుకునేవాణ్ణి. ఇంకో పక్క అక్క మాత్రలు గుర్తొచ్చేవి. బ్యాటరీలు లేకుండా వెలిగిందనుకుని ఆమె తన బ్యాటరీలు తీసేసుకుంది. ఆమెకేమైనా అయితే ఆ లెక్క నన్నే అడుగుతారు. ఎవరూ అడగకపోయినా ప్రభువు అడుగుతాడు.

ఆదివారం డ్యూటీ అయ్యాక దుకాణం దగ్గరి ఫోన్ నుంచి క్వార్టర్స్‌కి ఫోన్ చేశాను. ఎవరో ఫిలిప్పీన్స్ అమ్మాయి ఎత్తింది. అక్క డ్యూటీలో ఉందట. ఏం చెప్పమంటారని ఇంగ్లీషులో అడిగింది. గీజరులో బ్యాటరీలు ఉన్నాయని చెప్పమనాలా? మాత్రలు వేసుకోమనాలా? బహ్లా నుంచి బ్రదర్ ఫోన్ చేశాడని చెప్పమని పెట్టేశాను. మంగళవారం మళ్లీ చేశాను. ఈసారి ఎవరూ ఎత్తలేదు. కంపెనీ బండి శుక్రవారం తప్ప అటు వెళ్లదు.

ఆ శుక్రవారం నెలలో మొదటిది. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఉంటుంది. మనసులో మచ్చ పెట్టుకుని ఆ రొట్టె విరవకూడదు. వారమంతా అన్నం సహించలేదు. అన్న నా కంచం చూసి, జ్వరమా అని అడిగాడు. సంగతి చెప్పాను. చాలాసేపు విన్నాడు. నీ దేవునికి ఏం గాదు గానీ ఆ అక్క సంగతి జల్ది చూడు అన్నాడు. అంతకుమించి నాకు ఏ సంఘపెద్దా స్పష్టంగా చెప్పలేదు.

శుక్రవారం సాక్ష్యాలప్పుడు ముందుగా లేచాను. గదిలో అక్క కోసం వెతికాను. కిటికీ పక్కన కూర్చుని ఉంది. బతికే ఉంది అనుకున్నాను. తర్వాత అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

నేను చెప్పింది సగమేనని చెప్పాను. గీజరులో బ్యాటరీలు అయిపోయాయని, నేను మోకరించి ఉన్నప్పుడు నా తోటి పనివాడు వాటిని మార్చాడని, అది నాకు తెలియదని చెప్పాను. నా సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటున్నానన్నాను. సాక్ష్యం వెనక్కి తీసుకోవడం అక్కడ ఎవరూ అంతకుముందు విని ఉండరు.

పెద్దాయన లేచి నా భుజం మీద చెయ్యి వేశారు.

"దేవునికి స్తోత్రం," అన్నారు. "చూశారా, బ్రదర్ అడగకముందే బ్యాటరీలు పట్టుకున్న మనిషిని సిద్ధం చేశాడు."

అందరూ స్తోత్రం అన్నారు, మొదటిసారి కంటే గట్టిగా. నేను కూర్చున్నాను. నేను వెనక్కి తీసుకున్నది నా చేతిలోకి రాలేదు. అది ఇంకా పెద్దదై ముందుకే పోయింది. రొట్టె నా దగ్గరికి వచ్చినప్పుడు తీసుకున్నాను. తీసుకోవచ్చో లేదో తేల్చుకోకుండానే తీసుకున్నాను.

కూడిక అయ్యాక అక్క దగ్గరికి నేనే వెళ్లాను. మాత్రలు వేసుకోమని బతిమాలడానికి వారమంతా మాటలు కూడబెట్టుకున్నాను. నేను నోరు తెరవకముందే ఆమె గొంతు తగ్గించి చెప్పింది. సోమవారం డ్యూటీలో కళ్లు తిరిగి మందుల ట్రాలీ పట్టుకుని నిలబడిపోయిందట. ఆ మధ్యాహ్నమే మాత్ర వేసుకుందట.

"మరి నాకు చెప్పలేదేం అక్కా?"

"చెబితే నీ సాక్ష్యం చిన్నబోదా తమ్ముడూ," అంది. "బ్రదర్ ఫోన్ చేశాడని చెప్పారు. మాత్రల గురించి అడుగుతావని భయమేసి తిరిగి చెయ్యలేదు."

నా సాక్ష్యం కోసం ఆమె దాచింది. ఆమె కోసం నేను వారం రోజులు తిండి మానేశాను. ఎవరికి ఎవరు క్షమాపణ చెప్పాలో తెలియక ఇద్దరం టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాం. నవ్వొచ్చింది. మాత్రలు మానవద్దని ఆమె చేత మాట తీసుకున్నాను. అదొక్కటే ఆ రోజు నాకు స్పష్టంగా ఉంది.

రూమ్‌కి తిరిగి వచ్చి అన్నకి జరిగింది చెప్పాను. నిన్ను దేవుడు పంపిన మనిషివంటున్నారని చెబితే పడీ పడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, తల గోక్కుని, ఒక సంగతి బయటపెట్టాడు.

"మొదటిసారి ఏసినయి కొత్తయి అనుకున్నవా ఏంది? నా రేడియోలకెల్లి తీసినయి తమ్మీ. రేడియో మూగవోయిందనే సంచిల ఏసిన. ఏమో, జర ఊపిరి ఉంటదేమో అని పెట్టి చూసిన."

మరి ఎలా వెలిగిందని అడిగాను.

"నాకేం ఎరుక? ముసలాయన గప్పుడే మోటరు ఏసిండు. నీళ్లు జోరుగొచ్చినయ్. జోరు లేకుంటే గూడ గది అంటుకోదు. అద్గూడ గావచ్చు."

ముసలాయన అంటే అక్కడి ఒమానీ వాచ్‌మన్. అరబ్బీ పేపరులో దేవుని పేరు ఉంటుందని, దానితో అద్దాలు తుడవవద్దని మా చేతుల్లోంచి లాక్కుని ఇంగ్లీషు పేపరు ఇచ్చేవాడు. ఆయనని కూడా అడగాలనుకున్నాను. నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో ఏమని అడగాలి? ఆ రోజు నువ్వు మోటరు ఎందుకు వేశావనా? అడగలేదు.

మళ్లీ సంఘం ముందు నిలబడి మూడో సాక్ష్యం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. చెప్పినా ఏమని చెప్పాలి? చచ్చిన బ్యాటరీలతో వెలిగిందంటే మొదటిదే నిజమవుతుంది. చచ్చాయో లేదో నాకు తెలియదు. వాటిని అన్న ఆ శనివారమే చెత్తబుట్టలో పడేశాడు. ఇన్నేళ్లయినా ఆ రెండు బ్యాటరీలు నా దగ్గర ఉంటే బాగుండునని అనిపిస్తుంది. ఉన్నా వాటిని చూసి ఏం తెలుసుకుంటానో తెలియదు.

మర్నాడు పొద్దున ట్రాలీ దగ్గర నిలబడ్డాం. చలికి అన్న చెవులకి తువ్వాలు చుట్టుకున్నాడు. కొత్త బ్యాటరీలు ఉన్నాయి, సిలిండరు నిండుగా ఉంది, మిద్దె మీది ట్యాంకు పొర్లుతోంది. ప్రార్థించడానికి ఏ కారణమూ లేదు. అయినా నా చెయ్యి అలవాటుగా డబ్బా మీదికి పోయింది. పోయిన చెయ్యి తియ్యాలో ఉంచాలో తెలియక అలాగే నిలబడ్డాను. తీస్తే విశ్వాసం లేనట్టు. ఉంచితే మోసం చేసినట్టు.

"పెడితే పెట్టు, తీస్తే తియ్యి పాస్టర్ సాబ్," అన్నాడు అన్న. "కుళాయి మాత్రం తిప్పు. నా చేతులు గడ్డకడుతున్నయ్."

చెయ్యి అక్కడే ఉంచి, రెండో చేత్తో కుళాయి తిప్పాను.