ముప్పై రూపాయల అర్ర

గోదావరి నోటికి వాడలో ఎదురులేదు. నల్లా దగ్గర బిందెల వరుస తప్పినా, బీడీల కార్ఖానాలో గుమాస్తా బాగున్న కట్టల్ని పనికిరావని పక్కకు తీసినా, అందరికంటే ముందు లేచే గొంతు ఆమెదే. మనిషి మాత్రం పట్టుమని ఐదడుగులు ఉండదు. ఒళ్లో చాట, చాటలో తునికాకు పెట్టుకుని కూర్చుంటే వేళ్ల పని వేళ్లదే, నోటి పని నోటిదే. నిజామాబాద్‌లోని ఆ సాలెవాడలో మగ్గాలు ఒక్కొక్కటే మూలపడి, ఇంటింటికీ బీడీల చాటలు వచ్చిన రోజులవి.

పెనిమిటి రాజమల్లు చెరకు ఆడినన్నాళ్లూ బోధన్‌ చక్కెర ఫ్యాక్టరీలో కూలికి ఉండేవాడు. మిగతా రోజులు ఇంటికొచ్చి తిని పడుకుంటాడని గోదావరి అనేది కానీ, పాపం, అతను గోడలకు మట్టి మోసిన సంగతి ఆమె ఎప్పుడూ చెప్పేది కాదు. ఇల్లు తన బీడీలతో లేచింది కాబట్టి అది తన ఇల్లే. పదకొండేళ్లు చుట్టిన బీడీలు మూడు అర్రలై, పైన బంగ్లాపెంకల కప్పు అయ్యాయి.

పునాది తీసిన రోజు రాజమల్లు అన్న బాలనర్సయ్య పదిమందిలో నవ్వాడు. ఆయన అదే వాడలో ఉంటాడు, బజారులో బట్టల దుకాణం ఉంది, మాటకు విలువుంది. బీడీలతో కట్టిన ఇంట్లో పొగ తప్ప ఏముంటుందన్నాడు. వీధివైపు అర్రను కిరాయికి ఇస్తానని గోదావరి అంటే, అందులోకి మేకలు కూడా రావన్నాడు. అందరూ నవ్వారు. బావ కదా, గోదావరి తిరిగి అనలేక మింగేసింది. జన్మలో ఆమె మింగిన మాట అదొక్కటే అనుకుంటాను, అందుకే అరగలేదు.

ఇల్లు పూర్తయిన నెలకే కిరాయిదారు దొరికాడు. కాలువల ఆఫీసులో గుమాస్తా రామ్‌దాస్, ఆయన భార్య గంగుబాయి, దెగ్లూర్ వైపు నుంచి వచ్చినవాళ్లు. నెలకు పన్నెండు రూపాయలకు కుదిరింది. ఆ సాయంత్రమే బావ ఎదురుపడి, ఎంతకిచ్చావని అడిగాడు. ముప్పై అంది గోదావరి. అనాలనుకుని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. వచ్చినదాన్ని వెనక్కి తీసుకునే అలవాటు ఆమెకు పుట్టినప్పటి నుంచీ లేదు. బావ ముఖం చిన్నబోవడం చూసి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది. మరునాడు రామ్‌దాస్‌నూ గంగుబాయినీ కూర్చోబెట్టి, ఎవరడిగినా ముప్పై అని చెప్పమంది. వాళ్లు బుద్ధిగా తలూపారు.

అలా ఆరేళ్లు గడిచాయి. వాడలో ఎవరికి గుర్తు చెప్పాలన్నా ఆ ముప్పై రూపాయల అర్ర పక్కిల్లు, ఎదురిల్లు అనేవారు. వింటుంటే గోదావరికి కడుపు నిండేది.

పందొమ్మిది వందల అరవై ఏడులో, వానలు తగ్గుముఖం పట్టాక, ఒకాయన చేతిలో టేపు, చంకలో పుస్తకం పెట్టుకుని వాడలోకి వచ్చాడు. ఇళ్ల వివరాలు రాసుకుంటున్నామన్నాడు. ఎన్ని అర్రలు, ఏ కప్పు, కిరాయికి ఇచ్చారా, ఇస్తే ఎంత అని అడిగాడు. జనాభా లెక్కల్లాంటిదేమో అనుకున్నారు కొందరు, ఇంటింటికీ నల్లా ఇస్తారని మరికొందరు. గోదావరి ఇంటికి ఆయన వచ్చేసరికి బాలనర్సయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇంకేముంది, గొంతు సవరించుకుని మరీ ముప్పై అని చెప్పింది. చెప్పినదాని కింద వేలిముద్ర వేయమంటే వేసింది, వచ్చినాయనకు చాయ్ కూడా పోసింది. ఆయన మిగతా ఇళ్ల వైపు నడిచాడు. రెండు నెలలకు రామ్‌దాస్‌కు ఆదిలాబాద్ బదిలీ అయి, అర్ర ఖాళీ అయింది.

దాని వెనకాలే నోటీసులు వచ్చాయి.

వాడ మీద పిడుగు పడినట్టయింది. ఏడాదికి ఇరవై ఒక్క రూపాయల ఇంటిపన్ను కట్టే గోదావరికి నూట నలభై నాలుగు పడింది. చదివినవాడు తప్పు చదివాడనుకుని ఇంకొకరితో చదివించింది. మూడోసారి విన్నాక చాట పక్కన పెట్టి గోడకు ఆనుకుంది. అంతకంటే దారుణం పక్కింటి లింగవ్వది. పెనిమిటి పోయి, బిడ్డను మాక్లూర్‌లో ఇచ్చి, ఒంటరిగా బీడీలు చుట్టుకునే ముసలామె. ఒక అర్ర, దాని ముందు ఒక చిన్న అరుగు, అదే ఆమె ఇల్లు. ఎనిమిది రూపాయల పన్ను నలభై ఎనిమిది అయింది. ఆమె ఆ కాగితాన్ని మడిచి బొడ్లో దోపుకుని, ఇల్లమ్ముకుని బిడ్డ దగ్గరికి పోవడం తప్ప తనకు వేరే దారి లేదంది. ఏడవలేదు కూడా.

అది విని గోదావరికి ఒళ్లు మండిపోయింది. ఇంటింటికీ తిరిగి అందర్నీ పోగుచేసింది. అర్జీలు రాసేవాడి దగ్గర కూర్చుని ఇరవై ఇళ్లకు ఇరవై అర్జీలు రాయించింది. మన మట్టి గోడలకు ఇంత విలువ కట్టినవాడి నోట్లో మన్ను పడాలని దారి పొడుగునా శాపాలు పెట్టింది. విచారణ రోజున మున్సిపాలిటీ ఆఫీసు వరండాలో అందరికంటే ముందు నిలబడింది కూడా ఆమే.

లోపల ఆఫీసరు మెత్తని మనిషి, విసుక్కోలేదు. కొత్త పద్ధతిలో పన్ను ఇంటికి రాగల కిరాయిని బట్టి ఉంటుందని నిదానంగా చెప్పాడు. వాడలో కిరాయికి పోయిన అర్ర ఒక్కటే కాబట్టి, దాని కిరాయినే లెక్కగా తీసుకుని అన్ని ఇళ్లకూ అర్రకింత అని కట్టామన్నాడు. పుస్తకం తిప్పి ఆ అర్ర ఎవరిదో చదివాడు. రాజమల్లు భార్య గోదావరి, నెలకు ముప్పై రూపాయలు.

ఇన్ని రోజులూ గోదావరి తిట్టింది తననే. నోట్లో మన్ను పడాల్సింది తనకే. వెనక ఇరవై ఇళ్ల మనుషులున్నారు, లింగవ్వ ఉంది, గుమ్మం పక్కన బావ ఉన్నాడు. ఊరుకుంటే మాట దక్కుతుంది, ఇళ్లు పోతాయి. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే నోరు పెగలదని తెలుసు.

"ముప్పై అబద్ధం సారు," అంది. "పన్నెండే ఇచ్చిండ్రు. మా బావ ముందల చిన్నతనం అయితదని ముప్పై అని చెప్పుకున్న. తప్పు నాది. నాకు ఏం శిక్ష ఏస్తరో ఎయ్యుండ్రి, గీ వాడోళ్ల ఇండ్లు ముంచకుండ్రి."

ఆఫీసరు ఆమె వైపు జాలిగానే చూశాడు. పన్ను పడ్డాక అందరి కిరాయిలూ తగ్గిపోతాయమ్మా అన్నాడు. పుస్తకం ఆమె ముందుకు తోసి, ఆ వేలిముద్ర ఎవరిదని అడిగాడు. ఆమెదే. కిరాయిదారు ఎక్కడంటే, ఊళ్లో లేడు. పోనీ ఆమె ఒక్కతే చెప్పిందా అంటే అదీ కాదు. తమ మనిషి మరో పద్నాలుగు ఇళ్లలో ఆ అర్ర కిరాయి ఎంతని అడిగాడు, పద్నాలుగు ఇళ్లవాళ్లూ ముప్పై అనే చెప్పారు. ఆఫీసరు తలెత్తి, అది నిజమేనా అని జనాన్ని అడిగాడు. లింగవ్వ ఒకడుగు ముందుకొచ్చింది.

"చెప్పినం సారు," అంది.

ఇంక ఆయన చేయగలిగిందేముంది. మట్టి గోడలున్న ఇళ్లకు రెండో మూడో రూపాయలు తగ్గిస్తానన్నాడు. లింగవ్వ నలభై ఎనిమిది నలభై ఐదయింది. అర్జీలన్నీ ఒక దారంతో కట్టి పక్కన పెట్టాడు.

బయటికొచ్చాక గోదావరి ప్రహరీ గోడ వారగా కూలబడింది. నిజం చెప్పినా నమ్మించలేకపోయానని ఏడుపొచ్చింది, ఆ ఏడుపుకు కూడా సిగ్గేసింది. జనం ఆమెను దాటుకుంటూ పోయారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. లింగవ్వ ఒక్కతే వచ్చి పక్కన కూర్చుంది.

"నీ ఇల్లు నేనే ముంచిన లింగవ్వా," అంది గోదావరి. "అబద్ధమని ఎరుకలేక మీరందరు గదే నిజమనుకుంటిరి."

లింగవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎరుకలేకేంది. గంగుబాయి వచ్చిన నెలల్నే చెప్పింది, పన్నెండని."

గోదావరి ఆమె ముఖంలోకి చూసింది. "అందరికి ఎరికేనా?"

"అందరికి."

"మరి గా పుస్తకపాయన అడిగితె ముప్పై అని ఎట్ల చెప్పిండ్రే?"

"నువ్వు అప్పటికే ముప్పై అంటివి. మేం పన్నెండంటె నీ మాట ఏంగావాలె? పన్ను రాస్తుండని మాకేమెరుక. మీ బావయితె అందరికన్న ముందుగాల చెప్పిండు, మా మరదలి అర్ర ముప్పైకి పోతదని."

ఆరేళ్లుగా ఎవరి ముందు తల ఎత్తుకుని తిరిగిందో ఆ మనిషి, గేటు అవతల తన నోటీసు చేతిలో పట్టుకుని ఊరికే నిలబడి ఉన్నాడు. ఆయన ఇంటికి ఎంత పడిందో ఆమె అడగనే లేదు. ఇంతకాలం ఈ మాట ఒక్కరైనా తనతో ఎందుకు అనలేదని లింగవ్వను అడిగింది.

"ఏమని అనాలె?" అంది లింగవ్వ. "పదకొండేండ్లు వేళ్లు పుండ్లుపడంగ చుట్టి ఇల్లు గట్టుకున్నవు. గా మాత్రం చెప్పుకుంటె చెప్పుకోనీ అనుకున్నం."

పొద్దు పోతోందని, ఇంకా సగం బీడీలు కూడా కాలేదని అంటూ లింగవ్వ మోకాళ్లు పట్టుకుని లేచి, గోదావరిని లేపడానికి చేయి చాపింది. గోదావరి ఆ చేతిని చూస్తూ కూర్చుంది కానీ పట్టుకోలేకపోయింది.